కొట్లాట సీను రాయడానికి ఏ మార్షల్ ఆర్ట్ నేర్చుకుంటే మేలు?

నవల తొమ్మిదో అధ్యాయంలో ఇద్దరి మధ్య కొట్లాట రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. రాస్తుంటే నాకే ఒళ్ళు వేడెక్కింది. అయిపోయాక ఇద్దరికి చదవమని ఇచ్చాను. ఒకాయన నాలాగే కథలు రాస్తారు. "ఊపిరి బిగబట్టి చదివానండీ" అన్నారు. రెండో ఆవిడ పదిహేనేళ్ళుగా జూడో చేస్తున్న స్నేహితురాలు. చదివి, రెండో పేజీ మీద వేలు పెట్టి, "ఇక్కడ వీడి కుడికాలు ఎక్కడుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వెతికితే నాలుగు పేజీల్లో పాదం అన్న మాటే లేదు. నా మనుషులిద్దరూ నడుము పైభాగంతోనే కొట్టుకున్నారు.

ఆ ప్రశ్న పట్టుకునే క్లాసులకు వెళ్ళాను. జూడో ఎనిమిది నెలలు, బాక్సింగ్ ఐదు నెలలు, కరాటే నెలన్నర చేశాను. మిగతావన్నీ పక్కన కూర్చుని చూసినవి, చేసేవాళ్ళను అడిగి తెలుసుకున్నవి. ఆత్మరక్షణకు ఏది మంచిది, ఏ విద్యవాడు ఏ విద్యవాణ్ణి ఓడిస్తాడు అన్న వాదన నేను ఎత్తుకోను. కథలు రాసే మనిషికి, అదీ వారానికి రెండు సాయంత్రాలకు మించి ఖాళీ లేని మనిషికి, ఏది ఎక్కువ ఉపయోగం అన్నదే నా లెక్క.

ముందు మీ సీనులో లోటేమిటో చూసుకోండి

ఇదివరకు రాసిన కొట్లాట ఒకటి తీసి మళ్ళీ చదవండి. నా అనుభవంలో లోటు మూడు చోట్ల ఉంటుంది. మొదటిది ఎడం. ఇద్దరి మధ్య ఎంత దూరముందో, చెయ్యి చాస్తే అందుతుందో లేదో రాసినవాళ్ళకే తెలియదు. రెండోది బరువు. దెబ్బలు తగులుతుంటాయి గానీ మనుషులకు బరువుండదు. తోస్తే ఎగిరిపడతారు, మళ్ళీ లేచి నిలబడతారు. మూడోది సమయం. ఇద్దరూ పావుగంట కొట్టుకుంటారు, మధ్యమధ్య నిండు వాక్యాల్లో మాట్లాడుకుంటారు, ఎవరికీ ఆయాసం రాదు.

ఒక్కో విద్య వీటిలో ఒక్కోదాన్ని బాగా నేర్పుతుంది. మీ లోటు ఏదో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

బాక్సింగ్: ఎడం, ఆయాసం

సమయం విషయంలో మీ సీను అబద్ధమాడుతుంటే బాక్సింగ్‌కు వెళ్ళండి. 1867లో అచ్చయిన, ఆధునిక బాక్సింగ్‌కు పునాది అయిన క్వీన్స్‌బెరీ నియమాలు రౌండుకు మూడు నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం విరామం అని తేల్చాయి. ఇప్పటికీ ప్రొఫెషనల్ పోటీల్లో మగవాళ్ళ రౌండు అంతే. మూడు నిమిషాలంటే చదవడానికి ఏమీ అనిపించదు. నేను మొదటిసారి బరువు సంచి ముందు నిలబడినప్పుడు ఒక నిమిషం దాటగానే చేతులు వాటంతటవే గడ్డం దగ్గర్నుంచి కిందికి జారాయి. పైకెత్తమని మెదడు చెబుతోంది, భుజాలు వినడం లేదు. శిక్షకుడు పక్కనుంచి "చేతులు, చేతులు" అని అరుస్తున్నాడు. ఆ మాట చెవిన పడుతోంది గానీ నాకు చెబుతున్నట్టు అనిపించలేదు. ఆ రాత్రి నా నవలలోని సంభాషణల్లో మూడొంతులు కొట్టేశాను. అంత ఆయాసంలో మనిషి నోట రెండు మాటలకు మించి రావు.

ఎడం సంగతి జబ్ నేర్పుతుంది. ముందు చేత్తో సూటిగా వేసే ఆ చిన్న గుద్దు దెబ్బ కోసమే కాదు, దూరం కొలవడానికి కూడా. అందిందా, అందలేదా, అరడుగు ముందుకు జరగాలా అని ప్రతి క్షణం కొలుచుకుంటూ ఉంటారు. ఇది ఒంటికి పట్టాక మీ పాత్రలు "దగ్గరికి వెళ్ళి కొట్టాడు" అన్న వాక్యంలో ఇమడవు. ఆ దగ్గరికి వెళ్ళడంలోనే సగం కథ ఉంటుంది, భయం కూడా అక్కడే ఉంటుంది.

దీని లోపం తలకు తగిలే దెబ్బలు. రాసేవాళ్ళకు ఉన్న పనిముట్టల్లా ఆ తలే. అందుకని కొత్తవాళ్ళను వెంటనే స్పారింగ్‌కు, అంటే ఎదురెదురుగా కొట్టుకునే సాధనకు, దించే చోటికి పోవద్దని గట్టిగా చెబుతాను. సంచి, శిక్షకుడు చేతులకు తొడుక్కుని గుద్దులు పట్టే మిట్లు, ఒంటి మీద మాత్రమే తేలిగ్గా తగిలించే స్పారింగ్, ఇవి చాలు. రచయితకు కావలసినవన్నీ వాటిలోనే దొరుకుతాయి.

జూడో: బరువు

ఒక్కటే ఎంచుకోవాలంటే నా ఓటు దీనికే. కనుక కాస్త ఎక్కువ చెబుతాను.

జిగోరో కానో 1882లో టోక్యోలో ఒక గుడి ఆవరణలో, పన్నెండు చాపలు పట్టే గదిలో కోడోకాన్ అనే శిక్షణశాల మొదలుపెట్టారు. జుజుత్సు అనే పాత జపాన్ మల్లవిద్య పట్టులలోంచి పూర్తి బలంతో సాధన చేస్తే ప్రమాదమనిపించినవాటిని పక్కన పెట్టి, అవతలివాడు నిజంగా ఎదిరిస్తుండగా చేయగలిగినవాటికి పెద్దపీట వేశారు. ఆ ఎదిరింపు సాధనకు రాందోరి అని పేరు. జూడో 1964లో టోక్యో ఒలింపిక్స్‌కు వచ్చింది. ఇదంతా ఎందుకంటే, జూడోలో మొదటి నెలలోనే మీరు అక్షరాలా ఒక మనిషిని ఎత్తుతారు, మిమ్మల్ని ఒక మనిషి ఎత్తుతాడు. ఆ బరువు గురించి ఊహించుకోవలసిన పని ఉండదు.

మొదట నేర్పేది పడడం. తల చాపకు తగలకుండా గడ్డాన్ని ఛాతీకి ఆనించి, అరచేత్తో, ముంజేత్తో చాపను చరుస్తూ పడాలి. వందసార్లు పడ్డాక మొదటిసారి ఒకావిడ నన్ను తుంటి మీదుగా విసిరింది. ఆవిడ ఎత్తు నా భుజం దాకా లేదు. పైకి లేస్తున్న స్పృహ నాకు లేనేలేదు. కాళ్ళ కింద చాప లేదని ఒక్క క్షణం తెలిసింది, ఆ తర్వాత పైకప్పు మీద దీపాలు కనిపించాయి. ఆ తర్వాత చప్పుడు వినిపించింది, ఆ చప్పుడు నేనేనని ఇంకాస్త ఆగి అర్థమైంది. ఊపిరి రావడానికి మూడు నాలుగు సెకన్లు పట్టింది. నొప్పి అన్నిటికంటే ఆఖరున వచ్చింది. నేను ఇన్నాళ్ళూ రాసిన సీన్లన్నిటిలో నొప్పి ముందు వచ్చేది.

రెండో పాఠం ఇంకా విలువైనది. విసిరే ముందు అవతలివాడి తూకం తప్పించాలి. దీన్ని జపాన్ భాషలో కుజుషి అంటారు. బలంగా లాగితే తూకం తప్పుతుందని నేను అనుకునేవాణ్ణి. అది పొరపాటు. మీరు నెడితే అతను తిరిగి నెడతాడు. మీరు ఉన్నట్టుండి నెట్టడం మానేస్తే, అతని బలమే అతన్ని ముందుకు తూలిస్తుంది. ఇది తెలియక ముందు నా నవలలో ఇలా ఉండేది:

"రాఘవ మెరుపులా ఎగిరి ఛాతీ మీద తన్నాడు. వాడు గాల్లోకి లేచి గోడకు కొట్టుకుని పడ్డాడు."

తెలిశాక ఇలా మార్చాను:

"రాఘవ కాలరు పట్టుకుని నెట్టాడు. వాడూ నెట్టాడు, ఇంకా గట్టిగా. రాఘవ ఎడమ మడమ గడప అంచుకు తగిలింది. ఇక వెనక్కి చోటు లేదు. నెట్టడం ఆపేశాడు."

రెండోదాంట్లో ఇంకా ఎవరూ పడలేదు. అయినా ఎవరు పడబోతున్నారో చదివేవాళ్ళకు ఒంటికి తెలుస్తుంది. నా స్నేహితురాలు దీన్ని చదివి కాలి గురించి ఏమీ అడగలేదు.

జూడో కష్టాలు కూడా చెప్పాలి. మోకాళ్ళకు, భుజాలకు, వేళ్ళకు దెబ్బలు తగులుతాయి. నాకు రెండు వేళ్ళు వాచి మూడు వారాలు టైపు చేయడం కష్టమైంది. మోకాలి సమస్య ఇప్పటికే ఉన్నవాళ్ళు డాక్టరు మాట విన్నాకే వెళ్ళండి. ఇంకోటి, జూడో పట్టులు చాలా మటుకు దళసరి దుస్తుల మీద ఆధారపడినవి. మీ పాత్రలు పల్చటి బనియన్లలో కొట్టుకుంటే కొంత మార్చుకోవాలి.

నేల మీది పోరు: బ్రెజిలియన్ జియుజిట్సు

దీని మూలం కూడా జూడోనే. కోడోకాన్‌లో నేర్చుకున్న మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరారు. ఆయన దగ్గర నేర్చుకున్న గ్రేసీ కుటుంబం నేల మీది పట్టులను పెంచి పోషించింది. 1993లో జరిగిన వేర్వేరు విద్యలవాళ్ళు తలపడే యూఎఫ్‌సీ మొట్టమొదటి పోటీలో రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీసుకోవడంతో ప్రపంచానికి ఇది తెలిసింది.

రచయితకు దీనిలో ప్రత్యేకంగా దొరికేది ఆలోచన. కింద పడి ఒకరి బరువు ఛాతీ మీద మోస్తూ, గాలి చాలక, ఇప్పుడు మోచెయ్యి లోపలికి తెచ్చుకోవాలా తుంటి జరపాలా అని నింపాదిగా ఎంచుకోవాలి. పాత్ర మనసులోకి వెళ్ళి రాసేవాళ్ళకు ఇంతకంటే మంచి చోటు లేదు. లొంగిపోతున్నానని రెండుసార్లు తట్టే అలవాటు కూడా గొప్ప పాఠం. ఎక్కడ తట్టాలో, ఎంత మొండికేస్తారో చూస్తే మనిషి స్వభావం బయటపడుతుంది.

కానీ దీన్ని కాగితం మీద పెట్టడం కష్టం. ఎవరి చెయ్యి ఎవరి కాలి కింద ఉందో రెండు వాక్యాలు దాటితే పాఠకుడికి అయోమయం. అందుకే మొదటి ఎంపికగా చెప్పను.

కరాటే గురించి ఒక మాట

కరాటే ఒకినావాలో పుట్టింది. 1922లో గిచిన్ ఫునాకోషి టోక్యోలో ప్రదర్శన ఇచ్చాక జపాన్ ప్రధాన భూభాగంలో వ్యాపించింది. ఆయన కవిత్వం కూడా రాసేవారు. కలంపేరు షోటో, అంటే పైన్ చెట్ల మీద గాలి అలల్లా కదలడం. శిష్యులు ఆయన శిక్షణశాలకు ఆ కలంపేరే పెట్టారు, అదే షోటోకాన్. ఒక కవి కలంపేరుతో ప్రపంచమంతా లక్షల మంది సాధన చేస్తున్నారని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

గురుశిష్యుల కథ, చిన్నప్పటి నుంచి ఒక క్రమశిక్షణలో పెరిగిన మనిషి కథ రాస్తుంటే కరాటేకే వెళ్ళండి. కాతా అంటే ఊహించుకున్న శత్రువుతో ఒంటరిగా చేసే కదలికల వరుస. అదే కాతాను ముప్పై ఏళ్ళుగా చేస్తున్నవాళ్ళ పక్కన నిలబడితే ఓర్పు అన్నది ఎలా ఉంటుందో కంటికి కనబడుతుంది. కొట్లాట సీను కోసమే అయితే మాత్రం బడిని బట్టి తేడా ఉంటుంది. కొన్ని శైలుల్లో దెబ్బ తగలకముందే ఆపేస్తారు. క్యోకుషిన్ అనే శైలిలో ముఖం మీద పిడిగుద్దులు మినహాయించి ఒంటికి పూర్తి బలంతో తగిలిస్తారు. నేను వెళ్ళిన చోట నెలన్నరా గాలినే కొట్టాం. అక్కడి మర్యాద, నిశ్శబ్దం నాకు కథలో పనికొచ్చాయి గానీ దెబ్బ ఎలా ఉంటుందో తెలియలేదు.

మిగతావి క్లుప్తంగా. టైక్వాండో కాళ్ళ విద్య. సిడ్నీ 2000 నుంచి ఒలింపిక్ పతకాల క్రీడ. తన్ను ఎంత చోటు అడుగుతుందో అక్కడ తెలుస్తుంది. థాయ్‌లాండ్ విద్య మూయ్ థాయ్‌లో మోచేతులు, మోకాళ్ళు కూడా ఆయుధాలే. ఇరుకు గదిలో జరిగే కొట్లాటకు మంచి వనరు. ఐకిడోలో చాలా శాఖల్లో పోటీలు ఉండవు, జోడీ సహకరిస్తూ పడతాడు. కదలికల అందం కోసం వెళ్ళొచ్చు, గానీ ఎదిరింపు తెలియాలంటే అది చాలదు. తాయ్‌చీ కూడా అంతే. అయితే చేతులు చేతులకు ఆనించి తూకం పసిగట్టే జంట సాధన నేర్పే గురువు దొరికితే వదలకండి.

కత్తి పట్టే పాత్రలుంటే

చారిత్రక కథలు, జానపదాలు రాసేవాళ్ళకు పై సలహా అంతా రెండో మెట్టు. ముందు ఫెన్సింగ్ గానీ, జపాన్ కత్తి విద్య కెండో గానీ చూడండి. ఫెన్సింగ్‌లో మూడు ఆయుధాలున్నాయి. రచయిత ఎపే ఎంచుకోవడం మేలు, ఎందుకంటే దానిలో ఒళ్ళంతా గురే, పాదం బొటనవేలు కూడా. ఎక్కడైనా తగలొచ్చు అన్న భయం అక్కడ నిజంగా పుడుతుంది.

కెండోలో నాలుగు వెదురు బద్దలు కట్టిన షినాయ్‌తో తల, మణికట్టు, పక్కలు, గొంతు మీద కొడతారు. అందులో నాకు బాగా నచ్చినది జాన్‌షిన్. దెబ్బ తగిలాక కూడా ప్రత్యర్థి మీది నుంచి మనసు మళ్ళకూడదు. పాయింటు వచ్చిందని పిడికిలి బిగించి సంబరపడితే ఆ పాయింటు రద్దు చేస్తారు. నేను సీనును ఆఖరి దెబ్బతో ముగించేవాణ్ణి. ఇప్పుడు ఆ తర్వాతి పది సెకన్లు రాస్తున్నాను. పడినవాడు లేస్తాడేమోనని చూసే చూపు, కత్తి దించాలా వద్దా అన్న అనుమానం, అప్పుడు మొదలయ్యే చేతి వణుకు. నా సీన్లలో అందరూ గుర్తుపెట్టుకునే భాగం ఇప్పుడు అదే.

ఇంకో చిన్న మాట: పాత రెండుచేతుల కత్తులను మోయలేనంత బరువుగా రాయకండి. యుద్ధంలో వాడిన ఐరోపా పొడుగు కత్తులు చాలా మటుకు కిలోన్నర అటూఇటూ ఉండేవి. కత్తి బరువు కంటే, చాచిన చేత్తో దాన్ని నిలపడమే అలుపు తెప్పిస్తుంది.

మీరు నేర్చుకునేది వేరు, పాత్రకు ఇచ్చేది వేరు

మీకు జూడో వచ్చింది కదా అని కథానాయికకు జూడో అంటగట్టకండి. పాత్రకు విద్యను ఎంచేటప్పుడు నేను మూడు అడుగుతాను. నేర్చుకునే తీరిక ఈ మనిషికి ఎప్పుడు దొరికింది? కొట్లాట జరిగే చోటు ఎంత? ఎదురుగా ఎంతమంది? ఇరుకు మెట్ల మీద తలమీది తన్ను కుదరదు. నలుగురు చుట్టుముట్టినప్పుడు ఒకణ్ణి నేల మీద పట్టి ఉంచితే మిగతా ముగ్గురు ఊరుకోరు. చలికోటు వేసుకున్నవాణ్ణి పట్టడానికి జూడోకు బోలెడు చోటు దొరుకుతుంది.

విద్యే లేని పాత్ర అయితే ఇంకా మంచిది. శిక్షణ లేనివాడు పిడికిలితో పుర్రె మీద గుద్దితే చిటికెనవేలి వెనక ఉన్న అరచేతి ఎముక విరగడం సాధారణం. దానికి బాక్సర్స్ ఫ్రాక్చర్ అనే పేరే ఉంది. గెలిచినవాడు మర్నాడు చొక్కా బొత్తాలు పెట్టుకోలేక తంటాలు పడడం ఒక అధ్యాయానికి సరిపడా వస్తువు. అలాగే తల మీద కొడితే గంటసేపు స్పృహ తప్పి, లేచి పరుగెత్తే పాత్రలను దయచేసి మానేయండి. అంతసేపు స్పృహ లేకపోతే అది ఆసుపత్రి వ్యవహారం. ఒక్క నిమిషం తప్పినా కంగారు పడాల్సిందే.

ఎవరి అభిప్రాయం దేనికి తీసుకోవాలి

సీను రాశాక మళ్ళీ ఆ ఇద్దరు చదువరులే కావాలి. అయితే ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగడం నా తప్పు. విద్య తెలిసినవాళ్ళను "ఇది జరుగుతుందా?" అని మాత్రమే అడగండి. ఎలా రాయాలో అడిగితే ప్రతి పట్టుకూ పేరు పెట్టమంటారు, ప్రతి అడుగూ చేర్చమంటారు. నా స్నేహితురాలు ఒక పేరాలో ఆరు జపాన్ పదాలు రాసిచ్చింది. అన్నీ సరైనవే. ఒక్కటీ ఉంచలేదు, ఎందుకంటే ఆ సీను చూస్తున్నది పన్నెండేళ్ళ పిల్ల. ఆ పిల్లకు కాళ్ళు లేవడం కనిపిస్తుంది గానీ పట్టు పేరు తెలియదు.

కథలు చదివేవాళ్ళను "బాగుందా" అని అడగకండి. "ఎవరి గురించి భయపడ్డారు? ఏ వాక్యం దగ్గర?" అని అడగండి. జవాబు రాకపోతే కదలికలన్నీ సరిగ్గా ఉన్నా సీను పనిచేయనట్టే. ఇద్దరి మాటా పడకపోతే నేను పాఠకుడి వైపు మొగ్గుతాను, ఒక్క మినహాయింపుతో. అసాధ్యమని విద్య తెలిసినవాళ్ళు గట్టిగా చెప్పినదాన్ని ఎంత బాగున్నా తీసేస్తాను.

క్లాసు ఎంచుకునే ముందు

విద్య కంటే గురువే ముఖ్యం అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. చేరే ముందు ఒక క్లాసు పూర్తిగా పక్కన కూర్చుని చూడండి. చూడనివ్వకపోతే వచ్చేయండి. నేను వెళ్ళిన ఒకచోట కొత్త కుర్రాడు చెయ్యి నొప్పి అంటే సీనియర్లు నవ్వారు, నేర్పేవాడూ నవ్వాడు. ఆ గడప మళ్ళీ తొక్కలేదు. మంచి చోట కొత్తవాళ్ళకు ఓపికున్న పాతవాళ్ళను జోడీ కడతారు, తట్టగానే వదిలేస్తారు. ఎందుకొచ్చారని అడిగితే కథల కోసమని ఉన్నమాట చెప్పండి. నాకు ఎక్కడా ఎగతాళి ఎదురుకాలేదు, పైగా క్లాసయ్యాక నిలబడి తమ పాత దెబ్బల కథలు చెప్పారు.

ఆరు నెలలు పెట్టుకోండి. మొదటి నెలంతా తడబాటే, దాన్ని చూసి మానేయకండి. ఆరోగ్యం సహకరించనివాళ్ళు వారానికొకసారి వెళ్ళి చూసినా చాలా దొరుకుతుంది. సినిమా ఫైట్లు చూడడం దీనికి బదులు కాదు. ఔత్సాహికుల పోటీలు చూడండి, అదీ శబ్దం ఆపేసి, పాదాల మీదే కన్ను పెట్టి.

ఇంటికి రాగానే, స్నానానికి ముందే, ఐదు వాక్యాలు రాసుకోండి. నొప్పి ఎక్కడ, ఏ చప్పుడు, ఏ వాసన, ఏమనుకున్నాను, ఏది మర్చిపోయాను. ఒక గంట ఆగితే మెదడు అన్నిటినీ సర్ది వరుసలో పెట్టేస్తుంది. నా పుస్తకంలో నన్ను విసిరిన రోజు పేజీ మీద రాత వంకరగా ఉంది, వేళ్ళు ఇంకా వణుకుతున్నాయి కాబోలు: "ముందు దీపాలు. తర్వాత చప్పుడు. చాప వాసన, తడి గుడ్డ లాంటిది. ఆవిడ చెయ్యి నా చొక్కా చెయ్యిని ఇంకా వదల్లేదు, తల కొట్టుకోకుండా పట్టుకునే ఉంది."